పసుపు చీటీలు

ఆ ఏడాది వానలు మొదలైన వారమే మా అత్తయ్య నన్ను తన వీలునామాకి ఎగ్జిక్యూటర్‌ని చేసింది. చేసే ముందు నన్నొక మాట అడగలేదు. చేశాక చెప్పింది, అది కూడా లాండ్రీ కౌంటరు దగ్గర నిలబడి, ఎవరిదో తడి కోటు జేబులు వెతుకుతూ.

"లాయరు దగ్గర రాయించేశాను. నేను పోయాక ఎవరికి ఏది చెందాలో నువ్వు దగ్గరుండి ఇప్పించాలి. ఇదిగో కవరు. విప్పకు."

"నేనెందుకు అత్తయ్యా? బావ ఉన్నాడు, వదిన ఉంది."

"వాళ్ళిద్దరూ ఉన్నారు కాబట్టే నువ్వు. ఇందులో నీకేమీ రాయలేదు. వచ్చేదేమీ లేదు కాబట్టి నువ్వయితే తిన్నగా పంచుతావు."

కోటు జేబులో దొరికిన బస్సు టికెట్టు నా ముందు పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. నాకు గర్వంగానే అనిపించింది. ఆ వెనకే మనసు చివుక్కుమంది కూడా. ఏమీ రాయలేదన్న మాట ఆవిడ ఎంత తేలిగ్గా అనేసిందో, నేను అంత తేలిగ్గా వినలేకపోయాను. కవరు తీసుకెళ్ళి రసీదు పుస్తకాల సొరుగులో అడుగున పెట్టి తాళం వేశాను.

నాకు అత్తయ్య తప్ప ఎవరూ లేరు. జాలి పడతారని చెప్పడం లేదు, ముందే తెలిస్తే మంచిదని చెబుతున్నాను. కింద లాండ్రీ, పైన అత్తయ్య ఇల్లు. పంతొమ్మిదేళ్ళుగా కౌంటరు నాది. నేను రెండు వీధుల అవతల అద్దె గదిలో ఉంటాను, అక్కడికి నిద్రపోవడానికి తప్ప వెళ్ళేదాన్ని కాదు. సాయంత్రం నాలుగింటికి అత్తయ్య పైనుంచి చీపురుకట్ట వెనకవైపుతో నేలమీద రెండుసార్లు కొట్టేది. అంటే టీ అయిందని. నేను కౌంటరు ఇస్త్రీ పెద్దాయనకి అప్పగించి పైకి వెళ్ళేదాన్ని. ఓ అరగంట కూర్చుని, ఆ రోజు ఎవరి బట్టలకు ఏ మరక పడిందో, అది ఎందుకు పడి ఉంటుందో ఇద్దరం ఊహించుకునేవాళ్ళం. రోజంతటిలో నేను మనిషిలా మాట్లాడేది ఆ అరగంటే.

మా కొట్టులో వచ్చిన ప్రతి బట్టకీ చీటీ గుచ్చుతాం. మామూలు బట్టకి తెల్లది. చిరుగు ఉన్నా, మరక పోతుందని హామీ ఇవ్వలేకపోయినా గులాబీది. ఆరు నెలలు దాటినా ఎవరూ తీసుకెళ్ళకపోతే పసుపుది. పసుపు చీటీ పడిందంటే ఆ బట్ట వెనక గదిలోకి పోతుంది. ఈ ఏర్పాటంతా నాదే. నాకు చీటీల పిచ్చి అనీ, ఏదో ఒక రోజు తన చెవికి కూడా ఒకటి గుచ్చుతాననీ ఇస్త్రీ పెద్దాయన అందరికీ చెబుతుంటాడు.

వానలు మూడో వారంలో పడ్డాక ఒక పొద్దున అత్తయ్య తడి మెట్ల మీద జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంచాలన్నారు. నేను మధ్యాహ్నం పూట కొట్టు కట్టేసి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఆవిడ మంచంమీద పడుకునే ఉండి, పక్క దుప్పట్లకు గంజి ఎక్కువైందని నర్సులకు పాఠాలు చెబుతుండేది. ఆవిడ బాగానే ఉంది. గోలంతా ఇక్కడే మొదలైంది.

ఒక గురువారం మిట్టమధ్యాహ్నం ఆసుపత్రికని కొట్టు కట్టేయబోతుంటే పైన ఏదో ఈడ్చుతున్న చప్పుడు వినిపించి ఒక్క పరుగున మెట్లెక్కాను. అత్తయ్య కొడుకు, అంటే మా బావ, డ్రైవింగ్ నేర్పే బడి నడుపుతాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆయన కాలు దానంతటదే నేలమీద బ్రేకు తొక్కుతూ ఉంటుంది. ఆయన అద్దం బీరువాని గోడ దగ్గర్నుంచి జరుపుతున్నాడు. కూతురు, మా వదిన, ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. ఎవరు కనబడ్డా ముందు మోచేతి మడతలో నరం వెతుకుతుంది, తరవాతే మొహం చూస్తుంది. ఆవిడ కుట్టుమిషను పక్కన నడుము మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ఏంటిది బావా?"

"అమ్మ ఇక ఈ మెట్లెక్కలేదు. మా ఇంటికి తీసుకెళ్తున్నాను. సామాను ముందే చేరితే అమ్మకి కొత్తగా ఉండదు."

"మీ ఇంటికని ఎవరన్నారు?" అంది వదిన. "మాది కింద వాటా. ఒక్క మెట్టు లేదు. అమ్మ మా దగ్గరే ఉంటుంది."

"నువ్వు పొద్దున్నే ఆరింటికి డ్యూటీకి పోతావు. అమ్మని ఎవరు చూస్తారు, నీ సూదులా?"

"నీ ఇంట్లో మాత్రం ఎవరు చూస్తారు, నీ స్టీరింగా?"

వాళ్ళిద్దరూ చిన్నప్పుడు కూడా ఇలాగే ఉండేవాళ్ళు. నాకు నవ్వు రావాల్సింది. కానీ బీరువా జరిగిన చోట గోడమీద తెల్లటి మచ్చ కనిపించి నాకు ఒళ్ళు మండింది.

"అత్తయ్య చెప్పకుండా ఏదీ కదలడానికి వీల్లేదు. నేను ఎగ్జిక్యూటర్‌ని," అన్నాను.

ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. నా నోట్లో అది కొత్త చెప్పులా కిర్రుమంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"అమ్మ పోయిందా?" అన్నాడు బావ.

"ఛ, అదేం మాట!"

"మరి? ఉంది కదా. ఉన్నంతసేపూ నీ ఎగ్జిక్యూటరు గిగ్జిక్యూటరు ఏమీ లేదు."

వదిన కాస్త మెత్తగానే చెప్పింది. "చూడు, నీమీద మాకేం అనుమానం లేదు. నీకందులో ఏమీ లేదని అమ్మ మాకూ చెప్పింది. అందుకే నువ్వంటే మాకు నమ్మకం. కానీ అమ్మ ఉండగా నువ్వు కింద కౌంటరు చూసుకునేదానివి. అంతే కదా?"

అంతే కదా అన్నది ప్రశ్నలాగే ఉంది గానీ జవాబు కోసం ఆగలేదు. బీరువా బరువుకి బావ లొంగిపోయాడు. గోడ గడియారం పట్టుకున్నాడు. కుట్టుమిషను దగ్గర ఇద్దరూ పంతానికి పోయారు. ఆఖరికి బావ పైనున్న మిషను విప్పి పట్టుకుపోయాడు, వదిన కింద స్టాండు పట్టుకుపోయింది. ఇద్దరికీ కుట్టడం రాదు.

లాయరు గారు మా ఖాతాదారే. రెండు రోజుల తరవాత తన నల్లకోటు కోసం వస్తే, ఇవ్వకుండా చేత్తో పట్టుకునే అడిగాను.

"ఎగ్జిక్యూటర్‌గా నేనిప్పుడు ఏం చేయొచ్చండీ?"

"ఏమీ చేయలేరమ్మా. ఆవిడ ఉన్నంతకాలం అది ఉత్త కాగితం. ఆవిడ కావాలంటే రేపే చింపేసి ఇంకోటి రాసుకోవచ్చు. ఆవిడ పోయిన నిమిషం నుంచి మీదే రాజ్యం. ఇంటికి తాళం వేయొచ్చు, సామాను జాబితా రాయించొచ్చు, కన్నకొడుకునైనా గుమ్మంలో నిలబెట్టొచ్చు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా నా కోటు నాకివ్వొచ్చు."

ఇచ్చాను. ఆ హక్కు నాకు రావాలంటే ముందు ఏం జరగాలో అప్పుడు తట్టింది. నాకున్న ఒక్క మనిషీ పోతేనే నాకా ఇంట్లో మాట చెల్లుతుంది. అయినా ఊరుకోబుద్ధి కాలేదు. ఆయన గొడుగు విప్పుతుంటే వెనకనుంచి మళ్ళీ అడిగాను.

"పోనీ, జాబితా ఒకటి రాసి పెట్టుకుంటే తప్పా?"

"రాసుకోండి. కాగితం ఎవరినీ కరవదు కదా," అని వానలోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం కొట్టు సెలవు. నేను అత్తయ్య ఇంటి తాళం తీసి ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. ఉత్త జాబితా అయితే రేపెవరైనా ఏదైనా మార్చేస్తే తెలీదు కదా, ప్రతిదానికీ నంబరు ఉండాలనుకున్నాను. అది నా పద్ధతి. తెల్లచీటీల కట్ట వాన చెమ్మకి అతుక్కుపోయి ఉంది. చేతికి అందిన ఇంకో కట్ట తీసుకుని మొదలుపెట్టాను. పరుపుకీ కర్టెన్లకీ పిన్నుతో గుచ్చాను, కర్ర సామానుకి దారంతో కట్టాను. ఒకటి మంచం, రెండు పరుపు, మూడు చేతుల కుర్చీ, నాలుగు రేడియో. మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. దువ్వెనకి కట్టాను. ఆవిడ పాత కళ్ళజోడు పెట్టెకి కట్టాను. బ్రష్షు వేసుకునే గ్లాసుకి కూడా కట్టాను. మొత్తం ముప్పై ఏడు. పుస్తకంలో వరసగా ఎక్కించి, కింద గీత గీసి, చేతుల కుర్చీలో కూర్చున్నాను. అందులో అత్తయ్య తప్ప ఎవరూ కూర్చోరు. నేను ఎప్పుడూ ఎదురుగా ఉన్న బల్లమీదే కూర్చునేదాన్ని.

బయట వాన పడుతోంది. ఇల్లు శుభ్రంగా, నిశ్శబ్దంగా, మిగిలినవాటిలో ఒక్క వస్తువు కూడా తప్పిపోకుండా ఉంది. నాకు తృప్తిగా అనిపించింది. ఇప్పుడది చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది గానీ, ఆ రోజు నిజంగానే తృప్తిగా అనిపించింది.

అత్తయ్య ఎవరింటికీ వెళ్ళనంది. "నా ఇల్లు పైనుంది, నేనూ పైకే పోతాను, మధ్యలో మీరెవరు?" అని ఆసుపత్రిలోనే తేల్చి చెప్పింది. బుధవారం నాడు కర్ర కుర్చీలో కూర్చోబెట్టి, చెరోవైపూ బావా ఇస్త్రీ పెద్దాయనా పట్టుకుని మెట్లెక్కించారు. వెనక వదిన మందుల సంచీతో, ఆవిడ వెనక నేను.

"వంచకండ్రా, మడతలు పడితే మళ్ళీ పెద్దాయనే ఇస్త్రీ చెయ్యాలి," అంటూ దారంతా హాస్యాలాడింది. గుమ్మం దాటి కుర్చీ కింద పెట్టాక నోరు ఆగిపోయింది.

ఇస్త్రీ పెద్దాయన ముందు చూశాడు. నా వంక ఒకసారి చూసి, తల దించేసుకున్నాడు. ఆ తరవాతే నేనూ చూశాను. ఆ ఇంటిని నేను గడపలోంచి చూడటం ఆదివారం తరవాత అదే మొదలు. గదినిండా పసుపు చీటీలు. మంచానికీ కర్టెన్లకీ రేడియోకీ, గాలికి కదులుతూ. పంతొమ్మిదేళ్ళుగా ఆ రంగు ఏమిటో అందరికీ నేర్పింది నేను. కట్టేటప్పుడు నాకది తట్టలేదంటే ఎవరూ నమ్మరు, నేనే నమ్మలేకపోతున్నాను.

అత్తయ్య చెయ్యి చాచి, దగ్గర్లో ఉన్న బల్లమీది దువ్వెన తీసుకుంది. దానికున్న చీటీని కంటికి దగ్గరగా పెట్టుకుని నంబరు చదివింది.

"వీటికోసం ఎవరూ రాలేదా?" అంది.

కోపంగా అనలేదు. కొట్టులో సామాను సర్దేటప్పుడు ఎలా అడుగుతుందో అలాగే అడిగింది.

"అది కాదత్తయ్యా, తెల్లవి తడిసిపోయాయి. బావావాళ్ళు గడియారం, మిషను పట్టుకుపోయారు. మిగిలినవైనా పోకుండా ఉండాలని నేను..."

"వాళ్ళు నా సామాను పట్టుకుపోయారు," అంది. దువ్వెన మళ్ళీ బల్లమీద పెట్టింది. "నువ్వు నన్నే పంపించేశావు."

బావ కాలు బ్రేకు తొక్కడం మానేసింది. వదిన మందుల సంచీలో చెయ్యి పెట్టి వెతకసాగింది. నేను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను. ముప్పై ఏడు విప్పడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళంతా అలాగే నిలబడి చూస్తుంటే ఇంకా చాలాసేపు పట్టింది. బ్రష్షు గ్లాసు దగ్గర ముడి బిగుసుకుపోతే పళ్ళతో కొరికి తెంచాను.

అన్నీ అయ్యాక, "ఆ కవరు తెచ్చివ్వు," అంది అత్తయ్య. సొరుగులోంచి తెచ్చి ఇచ్చాను. నా చేతిలోంచి తీసుకుని, నా వంక చూడకుండా దిండు కింద పెట్టుకుంది.

రెండు రోజుల్లో మిషనూ స్టాండూ తిరిగొచ్చాయి. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకుండానే వాటిని కలిపి బిగించి వెళ్ళారట. గడియారం కూడా గోడెక్కింది. వదిన పొద్దుపోయాక వచ్చి ఉండేది, పగలు చూసుకోవడానికి ఒకావిడని పెట్టారు. పైన అందరికీ చేతినిండా పనుంది. నేలమీద చప్పుడు మాత్రం లేదు.

నాలుగయ్యేసరికి నా చెవులు పైకప్పుకే అతుక్కుపోయేవి. మొదటి రోజు, మంచంమీద ఉన్న మనిషి చీపురు ఎలా పట్టుకుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. రెండో రోజు పగటావిడ గ్లాసులో టీ పట్టుకుని కిందికి వచ్చింది. "అమ్మగారు ఇచ్చి రమ్మన్నారు," అంది. ఆ తరవాత రోజూ అంతే. మనిషిని పైకి పిలవకుండా టీని కిందికి పంపడం కన్నా పెద్ద తిట్టు నాకు తెలీదు. తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్లు నాకు కొత్తా? ఆ టీ చొక్కాల మధ్య నిలబడి తాగేదాన్ని. ఎవరి కోటుమీదో సిరా మరక కనబడితే ఇది అత్తయ్యకి చెప్పాలి అనుకునేదాన్ని. మరుక్షణం గుర్తొచ్చేది.

"వెళ్ళి కాళ్ళమీద పడిపో," అన్నాడు ఇస్త్రీ పెద్దాయన ఒకరోజు.

"ఏమని పడను?"

"ఏదో ఒకటి. పడ్డాక మాటలవే వస్తాయి."

నాకు మాటలు రావని నాకు తెలుసు. క్షమించమని ఏం అడగను? తప్పు చీటీ రంగులో లేదు. ఆవిడ ఆసుపత్రి మంచంమీద నర్సులతో కబుర్లాడుతుండగా, ఆవిడ లేని ఇంట్లో నేను ఆవిడ కుర్చీలో కూర్చుని తృప్తి పడ్డాను. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అయినా ఆవిడకి తెలుసని నాకు ఖాయంగా అనిపించేది.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం లాయరు గారు వచ్చారు. కౌంటరు దగ్గర ఆగకుండా తిన్నగా మెట్లెక్కారు. కాసేపటికి బావా వదినా వచ్చారు. ఇంకాసేపటికి పగటావిడ దిగి వచ్చి, "ఇస్త్రీ ఆయన్ని తీసుకుని మిమ్మల్ని పైకి రమ్మంటున్నారు," అంది.

నెలన్నర తరవాత ఆ గడప తొక్కాను. అత్తయ్య చేతుల కుర్చీలో కూర్చుని ఉంది, పక్కన చేతికర్ర. కాస్త చిక్కింది. జుట్టు దువ్వుకుని ముడి వేసుకుంది. లాయరు బల్లమీద కాగితాలు పరిచారు. బావా వదినా గదిలో లేరు, బయట మెట్ల దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను ఎక్కేటప్పుడు వాళ్ళ పక్కనుంచే వచ్చాను.

"పాతది రద్దు చేసి కొత్తది రాయించుకున్నారు," అన్నారు లాయరు గారు నాతో. "అమలు బాధ్యత కూడా నాకే పెట్టారు. మీకా బరువు తీరిపోయింది."

"మంచిదేనండీ," అన్నాను. అనుకున్నదే. వెళ్దామని గుమ్మం వైపు తిరిగాను.

"ఆవిడ సంతకానికి ఇద్దరు సాక్షులు కావాలి. ఈ పెద్దాయన ఒకరు. ఇంకొకరు?"

ఆ గదిలో నాకింకా ఒక పని మిగిలిందని ఆశ పుట్టింది. "నేను పెడతానండీ. నాకు ఇందులో ఏమీ లేదు కదా," అని ముందుకు వచ్చి బల్లమీది కలం తీసుకున్నాను.

లాయరు గారు కాగితం మీద అరచెయ్యి ఆనించారు.

"మీరు పెట్టకూడదమ్మా."

"ఎందుకని?"

ఆయన అత్తయ్య వంక చూశారు. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"వీలునామాలో ఏదైనా వచ్చేవాళ్ళు దానికి సాక్షి సంతకం పెట్టకూడదు," అన్నారాయన నెమ్మదిగా. "పగలు ఉండే ఆవిడ చేత పెట్టిస్తాను. మీరు కూడా బయట కూర్చోండి."

కలం నా చేతిలోనే ఉండిపోయింది. ఇస్త్రీ పెద్దాయన దాన్ని మెల్లగా నా వేళ్ళలోంచి తీసుకున్నాడు.

"అత్తయ్యా," అన్నాను.

"వెళ్ళు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు," అంది, కిటికీ వైపు నుంచి తిరక్కుండానే.

బయటికి వచ్చాను. బెంచీకి ఆ చివర బావ, మధ్యలో వదిన, వదిన పక్కన ఒకరికి చోటుంది. కూర్చున్నాను.

"అయిపోయిందా సంతకం?" అన్నాడు బావ.

"లేదు. నన్నూ బయట కూర్చోమన్నారు."

వదిన మెల్లగా నా వైపు తిరిగింది.

"నీక్కూడానా?"

"ఏమో వదినా."

"ఏమిటట?"

"తెలీదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు."

"నీకేమీ లేదనే కదా ఇన్నాళ్ళూ..." అని బావ ఆగిపోయాడు. నామీద నమ్మకం ఉందన్న వదిన, కాళ్ళ దగ్గరున్న తన సంచీ తీసి మా ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టింది.

లోపల ఇస్త్రీ పెద్దాయన ఏదో అన్నాడు, మాటలు తెలియలేదు. దానికి అత్తయ్య నవ్వింది. ఒకసారి దగ్గి, మళ్ళీ నవ్వింది. పగటావిడ కూడా నవ్వింది. మేం ముగ్గురం తలుపు వైపు చూస్తూ ఉండిపోయాం. మాకు ఏమేం రాబోతున్నాయో గానీ, అవన్నీ ఆ నవ్వు లేకుండా పోయాకే వస్తాయి. నాకు ఏదీ వద్దు, అది ఉంటే చాలని చెబుదామనుకున్నాను. చెప్పినా ఆ బెంచీ మీద నమ్మేవాళ్ళు లేరు. సంచీకి ఇవతల సర్దుకుని కూర్చుని, లోపలి నవ్వు ఇంకాసేపు వినబడితే బాగుండునని వింటూ ఉన్నాను.